హైదరాబాద్ నుంచి డల్లాస్: విమాన దూరాన్ని, ప్రయాణ సమయాన్ని మీరే లెక్కగట్టుకోవడం ఎలా?

ఈ ప్రశ్న ప్రతి వేసవిలోనూ వస్తుంది. అమ్మానాన్నలకు అమెరికా టికెట్ తీసిన పిల్లలు, ఆ టికెట్ చేతిలో పట్టుకున్న పెద్దలు ఒకే మాట అడుగుతారు: "తెల్లవారుజామున 4:20కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4:40కి దిగుతామని ఉంది. అంటే పన్నెండు గంటల ప్రయాణమేనా?"

కాదు. దాదాపు ఇరవై మూడు గంటలు. టికెట్ మీద ఉన్న రెండు సమయాలూ నిజమే, కానీ అవి రెండు వేర్వేరు దేశాల గడియారాలు చూపించేవి. వాటిని నేరుగా తీసివేస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. మధుమేహం మాత్రలు వేసుకునేవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి, మొదటిసారి ఒంటరిగా వెళ్లేవారికి ఈ పది గంటల తేడా చిన్న విషయం కాదు. అందుకే దూరం, సమయం రెండింటినీ ఎలా లెక్కగట్టాలో, వచ్చిన జవాబు సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు హైదరాబాద్–డల్లాస్ తీసుకున్నాను. మీరు వెళ్లేది షికాగో అయినా మెల్‌బోర్న్ అయినా పద్ధతి ఇదే.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- టికెట్ లేదా ప్రయాణ వివరాల కాగితం. ప్రతి విమానం బయలుదేరే, దిగే సమయాలు తేదీలతో సహా ఉండాలి.
- ప్రతి విమానాశ్రయం మూడక్షరాల కోడ్.
- విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలు. ఫోనులోని మ్యాప్‌లో విమానాశ్రయం మీద వేలు నొక్కి ఉంచితే కనిపిస్తాయి.
- సైన్, కొసైన్ ఉన్న కాలిక్యులేటర్. చాలా ఫోన్లలో అడ్డంగా తిప్పితే వస్తుంది.
- కాగితం, కలం. సమయాల లెక్క మనసులో చేయకండి, కాగితం మీదే చేయండి.

మొదటి భాగం: దూరం

1. విమానాశ్రయాలు సరైనవేనా చూసుకోండి.

ఇది అనవసరమైన జాగ్రత్త అనిపించవచ్చు. కానీ పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో కూడా హైదరాబాద్ ఉంది, దానికీ విమానాశ్రయం ఉంది. దూరాలు చూపించే సైట్లలో ఊరి పేరు మాత్రమే టైపు చేస్తే ఒక్కోసారి అదే వచ్చి కూర్చుంటుంది. మనకు కావలసింది శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం, కోడ్ హెచ్‌వైడి. 2008 మార్చి నుంచి ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేట నుంచి అక్కడికే మారాయి.

డల్లాస్‌లోనూ రెండున్నాయి. అంతర్జాతీయ విమానాలు దిగేది డల్లాస్–ఫోర్ట్ వర్త్‌లో, కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. లవ్ ఫీల్డ్ అనే మరొకటి ఊరికి దగ్గరగా ఉంటుంది, అది దేశీయ విమానాలది. న్యూయార్క్, లండన్ మీదుగా వెళ్లేవారు ఈ పరిశీలన మరింత శ్రద్ధగా చేయాలి. లండన్‌లో ఒక విమానం హీత్రో విమానాశ్రయంలో దిగి, తర్వాతిది గాట్విక్ విమానాశ్రయంలో ఎక్కాల్సి వస్తే అది విమానం మారడం కాదు, ఊరు దాటడం.

2. గోడ మీది పటం మీద స్కేలు పెట్టకండి.

ప్రపంచ పటంలో హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు సరళరేఖ గీస్తే అది అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా పడమరకు వెళుతుంది. అతి తక్కువ దూరం ఆ దారి కాదు. భూగోళం బొమ్మ మీద ఒక దారం పట్టి రెండు ఊళ్ల మధ్య బిగుతుగా లాగి చూడండి. దారం ఉత్తరానికి పోతుంది! ఢిల్లీ పరిసరాల మీదుగా హిమాలయాలు దాటి, కజకిస్తాన్, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, అవతల కెనడా మీదుగా టెక్సాస్‌కు దిగుతుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్లతో చేయించండి. పాఠ్యపుస్తకం చెప్పలేనిది ఆ దారం చెబుతుంది.

దీన్నే మహావృత్త మార్గం అంటారు. విమాన దూరం అని సైట్లు చూపించేది ఈ దారి పొడవునే.

3. దూరం కనుక్కోండి.

సులభమైన దారి: కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, కొలబద్ద గుర్తు నొక్కి, రెండు విమానాశ్రయాలనూ గుర్తించండి. దూరం వెంటనే వస్తుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌లు ఇచ్చినా చాలు.

చేత్తో చేయాలనుకునేవారికి లెక్క ఇది. శంషాబాద్ 17.23 ఉత్తర అక్షాంశం, 78.43 తూర్పు రేఖాంశం. డీఎఫ్‌డబ్ల్యూ 32.90 ఉత్తరం, 97.04 పడమర.

- రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి: 0.161.
- రెండు అక్షాంశాల కొసైన్‌లను గుణించండి: 0.802.
- రేఖాంశాల మధ్య తేడా కనుక్కోండి. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి కూడాలి: 175.47 డిగ్రీలు. దాని కొసైన్ మైనస్ 0.997.
- రెండో అంకెను ఈ మూడోదానితో గుణించి, మొదటిదానికి కలపండి: మైనస్ 0.639.
- దీనికి విలోమ కొసైన్ తీయండి: సుమారు 129.7 డిగ్రీలు.
- 111.2తో గుణించండి. సుమారు 14,420 కిలోమీటర్లు.

భూమి పూర్తి గుండ్రం కాదు కాబట్టి కొన్ని పదుల కిలోమీటర్ల తేడా రావచ్చు. 14,400 అనుకోండి, చాలు.

హెచ్చరిక: ఇక్కడ అందరూ చేసే పొరపాటు రేఖాంశాలను కూడకుండా తీసివేయడం. అలా చేస్తే 18.61 డిగ్రీలు వచ్చి, దూరం సుమారు 2,550 కిలోమీటర్లు తేలుతుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఉన్న దూరం అది! రెండో పొరపాటు కాలిక్యులేటర్ రేడియన్లలో ఉండిపోవడం. 30కి సైన్ నొక్కి చూడండి, 0.5 రావాలి. రాకపోతే ముందు డిగ్రీలకు మార్చండి.

4. యూనిట్ ఏదో చూడండి.

కిలోమీటర్, మైలు, నాటికల్ మైలు మూడూ వాడుకలో ఉన్నాయి. మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. మన 14,420 కిలోమీటర్లు సుమారు 8,960 మైళ్లు, 7,790 నాటికల్ మైళ్లు. ఇద్దరు చెప్పిన దూరాలు పొసగకపోతే ముందు అనుమానించాల్సింది యూనిట్‌నే.

5. మీరు నిజంగా వెళ్లే దారి దూరం కట్టండి.

హైదరాబాద్–డల్లాస్ మధ్య ఆగకుండా వెళ్లే విమానం లేదు. 2021 జనవరిలో హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలైంది, కానీ నిలవలేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట మారాల్సిందే. ప్రతి అంచెకూ విడిగా దూరం తీసి కలపండి:

- దుబాయ్ మీదుగా: 2,550 + 12,920, మొత్తం సుమారు 15,470 కిలోమీటర్లు
- దోహా మీదుగా: 2,910 + 12,750, మొత్తం సుమారు 15,660
- లండన్ మీదుగా: 7,750 + 7,630, మొత్తం సుమారు 15,380
- ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,120 + 8,260, మొత్తం సుమారు 15,380

ఈ నాలుగింటినీ ఒకసారి పక్కపక్కన చూడండి. అన్నిటికంటే దూరమైన దారికీ దగ్గరి దారికీ తేడా 300 కిలోమీటర్లు కూడా లేదు. విమానానికి అది ఇరవై నిమిషాల పని. "లండన్ మీదుగా అయితే చుట్టు" అని చాలామంది నమ్ముతారు. నిజానికి దూరం మీ ప్రయాణ సమయాన్ని తేల్చదు. మధ్యలో ఎన్ని గంటలు కూర్చోబెడతారన్నదే తేలుస్తుంది.

విమానం నిజంగా ఎగిరే దూరం ఈ అంకెలకన్నా కొంత ఎక్కువే ఉంటుంది. గాలులను బట్టి, మూసి ఉన్న గగనతలాలను బట్టి పైలట్లు దారి మార్చుకుంటారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తర్వాత అమెరికా, ఐరోపా సంస్థల విమానాలు రష్యా మీదుగా వెళ్లడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమాన సంస్థలకు మూసివేయడంతో ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే వాటి విమానాలకు గంటలు పెరిగాయి. ఇలాంటివి ఏ కొలబద్దా చూపించదు.

రెండో భాగం: సమయం

6. ముందు ఒక ఉజ్జాయింపు వేసుకోండి.

దూరాన్ని 850తో భాగించి, దానికి 40 నిమిషాలు కలపండి. పెద్ద జెట్ విమానాలు పైకి చేరాక గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో వెళతాయి. రన్‌వే వరకు నడవడం, పైకెక్కడం, దిగడం కలిస్తే సగటు తగ్గుతుంది.

దుబాయ్–డల్లాస్: 12,920ని 850తో భాగిస్తే 15 గంటల 12 నిమిషాలు, 40 కలిపితే దాదాపు 16 గంటలు. హైదరాబాద్–దుబాయ్: 3 గంటలు, 40 కలిపితే 3 గంటల 40 నిమిషాలు.

తిరుగు ప్రయాణంలో గంటో గంటన్నరో తగ్గుతుంది. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే జెట్ స్ట్రీమ్ గాలులు వెనక నుంచి తోస్తాయి. అవి చలికాలంలో మరింత బలంగా ఉంటాయి. వెళ్లేటప్పుడు పదహారు గంటలు పట్టిన విమానం వచ్చేటప్పుడు పద్నాలుగున్నర, పదిహేను గంటల్లో వచ్చేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

7. టికెట్ మీది సమయాలన్నిటినీ భారత సమయంలోకి మార్చండి.

ఈ వ్యాసంలో ఒక్క అడుగే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. టికెట్‌లో ఏ విమానాశ్రయం పక్కనున్న సమయమైనా ఆ ఊరి గడియారం సమయమే, బయలుదేరేదైనా దిగేదైనా. మినహాయింపు లేదు. వాటన్నిటినీ ఒకే గడియారంలోకి తెస్తే ఇక తికమక ఉండదు.

భారత సమయం రావాలంటే కలపాల్సినవి:

- దుబాయ్ సమయానికి 1:30
- దోహా సమయానికి 2:30
- లండన్ సమయానికి చలికాలంలో 5:30, వేసవిలో 4:30
- డల్లాస్ సమయానికి చలికాలంలో 11:30, వేసవిలో 10:30

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. బ్రిటన్, ఐరోపా దేశాలు మాత్రం మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుస్తాయి. మధ్యలో మిగిలే ఆ వారాల్లో (మార్చిలో రెండు మూడు, అక్టోబరు చివర ఒకటి) లండన్ మీదుగా వెళ్లేవారు తేడాను మళ్లీ చూసుకోవాలి. భారత్, దుబాయ్, దోహా గడియారాలు ఏడాదంతా మారవు.

ఇప్పుడు లెక్క చేద్దాం. ఈ సమయాలు నేర్చుకోవడానికి నేను అనుకున్నవి, మీ టికెట్‌లోవి వేరుగా ఉంటాయి.

జులై 16, తెల్లవారుజామున 4:20: హైదరాబాద్ నుంచి బయలు.
జులై 16, ఉదయం 6:30: దుబాయ్‌లో దిగడం. 1:30 కలిపితే భారత సమయం 8:00.
జులై 16, ఉదయం 9:40: దుబాయ్ నుంచి బయలు. భారత సమయం 11:10.
జులై 16, సాయంత్రం 4:40: డల్లాస్‌లో దిగడం. 10:30 కలిపితే భారత సమయం జులై 17, తెల్లవారుజామున 3:10.

ఇక తీసివేతలే. మొదటి విమానం 3 గంటల 40 నిమిషాలు. దుబాయ్‌లో నిరీక్షణ 3 గంటల 10 నిమిషాలు. రెండో విమానం 16 గంటలు. మొత్తం 22 గంటల 50 నిమిషాలు.

8. తిరుగు ప్రయాణానికి విడిగా చేయండి.

వెళ్లేటప్పుడు తేదీ మారదు, వచ్చేటప్పుడు రెండు తేదీలు మారతాయి. ఇది చాలామందిని బెంబేలెత్తిస్తుంది. ఆగస్టు 18 రాత్రి 8:00కి డల్లాస్‌లో ఎక్కితే, 19 రాత్రి 7:45కి దుబాయ్‌లో దిగి, 10:00కి మరో విమానం ఎక్కి, 20 తెల్లవారుజామున 2:50కి శంషాబాద్‌లో దిగుతారు. బయలుదేరిన క్షణం మనకు 19వ తేదీ ఉదయం 6:30. కాబట్టి ప్రయాణం 20 గంటల 20 నిమిషాలే. టికెట్‌లో దిగే సమయం పక్కన చిన్నగా +1, +2 అని ఉంటే అర్థం ఇదే. విమానాశ్రయానికి మిమ్మల్ని తీసుకురావడానికి వచ్చేవారికి ఆ +2ను తేదీగా మార్చి చెప్పండి, "ఎల్లుండి" అని చెప్పకండి. ఎవరి ఎల్లుండో తెలియక ఒక రోజు ముందో వెనకో వస్తారు.

9. ఇంటి నుంచి ఇంటి వరకు లెక్కవేయండి.

అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి. విజయవాడ నుంచి కారులో శంషాబాద్‌కు ఐదు గంటలు పడుతుంది. దారిలో ట్రాఫిక్ కోసం మరో గంట ఉంచుకుంటే, పైన చెప్పిన 4:20 విమానానికి రాత్రి ఏడింటికే ఇల్లు కదలాలి. ఏ రాత్రి? 15వ తేదీ రాత్రి! టికెట్ మీద 16 అని చూసి 16వ తేదీ రాత్రి సూట్‌కేసులతో బయలుదేరితే విమానం వెళ్లిపోయి చాలా గంటలవుతుంది. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు ఉండే ప్రతి విమానంతోనూ ఈ ప్రమాదం ఉంది. మన దేశం నుంచి గల్ఫ్‌కు ఆ వేళల్లో వెళ్లే విమానాలు చాలా ఉంటాయి. కేలెండర్‌లో 15వ తేదీ గడిలో "ఈ రాత్రే ప్రయాణం" అని రాసిపెట్టండి.

డల్లాస్‌లో ఇమిగ్రేషన్, సామాన్లకు గంటన్నర, అక్కడి నుంచి ఫ్రిస్కో వంటి చోటికి మరో గంట అనుకుంటే, విజయవాడ గుమ్మం నుంచి కూతురి గుమ్మం వరకు సుమారు 35 గంటలు. పెద్దవాళ్లకు చెప్పాల్సిన అంకె ఇది, 16 కాదు, 23 కాదు. మాత్రల వేళలు, ఇన్సులిన్ మోతాదు ఈ 35 గంటలకు ఎలా సర్దుకోవాలో ముందే డాక్టరును అడగండి. ఇంకో మాట: ఫోను నెట్‌వర్క్ దొరకగానే స్థానిక సమయానికి మారిపోతుంది. చేతి గడియారాన్ని ఇల్లు చేరేదాకా భారత సమయంలోనే ఉంచితే మందుల వేళ తప్పదు.

10. నిరీక్షణ సమయం సరిపోతుందా చూడండి.

అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి డల్లాస్‌కు మరో విమానం ఎక్కాలంటే, వరుసలో నిలబడి, సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ సామాను అప్పగించి, మళ్లీ భద్రతా తనిఖీకి వెళ్లాలి. గంటన్నర వ్యవధి ఉన్న టికెట్ చౌకగా వచ్చినా పెద్దల కోసం తీయకండి. మూడు గంటలు ఉండాలి. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తి చేసే ఏర్పాటు 2014 నుంచి ఉంది. అమెరికాలో సమయం మిగులుతుంది, అబుదాబిలో అదనపు సమయం కావాలి.

"డైరెక్ట్" అనే మాటను నమ్మకండి. ఒకే నంబరుతో వెళుతూ దారిలో ఆగే విమానాన్నీ డైరెక్ట్ అనే అంటారు. ఆగకుండా వెళ్లేది నాన్‌స్టాప్.

లెక్క సరైనదో కాదో తేల్చుకోవడం

మూడు పరీక్షలున్నాయి, మూడూ చేయండి.

వేగం పరీక్ష: ప్రతి అంచె దూరాన్ని మీకు వచ్చిన గంటలతో భాగించండి. 12,920ని 16తో భాగిస్తే గంటకు 808 కిలోమీటర్లు. 2,550ని 3 గంటల 40 నిమిషాలతో భాగిస్తే సుమారు 695. చిన్న దూరాల్లో ఎక్కడానికి, దిగడానికి పోయే భాగం ఎక్కువ కాబట్టి సగటు తక్కువ వస్తుంది. 650 నుంచి 920 మధ్య ఉంటే మీ లెక్క బాగుంది. ఎవరైనా 4:20 నుంచి 6:30 వరకు నేరుగా తీసివేసి దుబాయ్‌కి 2 గంటల 10 నిమిషాలే అన్నారనుకోండి, వేగం గంటకు 1,170 దాటుతుంది. ఆ ఎత్తులో ధ్వని వేగం సుమారు 1,060 కిలోమీటర్లే. ధ్వనిని మించిన వేగంతో ఎగిరే కాంకార్డ్ విమానం 2003లోనే ఆగిపోయింది కాబట్టి మీ టికెట్ దానిది కాదు, సమయమండలం లెక్క తప్పింది.

కూడిక పరీక్ష: విడివిడి అంచెల మొత్తం, మొదటి బయలుదేరే సమయానికీ చివరి దిగే సమయానికీ మధ్య భారత సమయంలో ఉన్న తేడా ఒకటే కావాలి. పై ఉదాహరణలో 16వ తేదీ 4:20 నుంచి 17వ తేదీ 3:10 వరకు 22 గంటల 50 నిమిషాలు. అంచెలు కలిపినా అంతే. ఒక్క నిమిషం తేడా ఉన్నా ఎక్కడో కూడికో తీసివేతో తప్పింది.

టికెట్ పరీక్ష: చాలా టికెట్లలో ప్రతి విమానం పక్కన వ్యవధి అచ్చువేసి ఉంటుంది. మీ అంకెతో పోల్చండి. అరగంట తేడా వస్తే భారత సమయంలోని ఆ 30 నిమిషాలు మరిచిపోయారు. సరిగ్గా గంట తేడా వస్తే అమెరికా వేసవి సమయం పట్టించుకోలేదు. ఆ వ్యవధి గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా లెక్కించింది. అందువల్ల పైలట్ మైకులో చెప్పే ఎగిరే సమయం దానికన్నా పావుగంట, అరగంట తక్కువ ఉంటుంది. అది తప్పు కాదు.

సైట్లలో సమయమండలాల పొట్టి పేర్లు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. సీఎస్‌టీ అంటే డల్లాస్ చలికాలపు సమయమే కాదు, చైనా సమయానికీ అదే పొట్టి పేరు. ఊరి పేరుతోనే వెతకండి. వెతికేటప్పుడు ఈరోజు తేదీ కాకుండా ప్రయాణ తేదీ ఇవ్వండి. ఫిబ్రవరిలో టికెట్ తీస్తూ జులై ప్రయాణానికి ఫిబ్రవరి తేడా వాడితే గంట తప్పుతుంది. టికెట్ తీశాక విమాన సంస్థ సమయాలు మార్చడం మామూలే, కాబట్టి బయలుదేరడానికి మూడు రోజుల ముందు ఈ లెక్క మళ్లీ ఒకసారి చేసి, భారత సమయాలు, డల్లాస్ సమయాలు రెండు వరుసలుగా రాసిన కాగితాన్ని పెద్దవాళ్ల పాస్‌పోర్టులో పెట్టండి.